కళాపూర్ణోదయం కథను ముందే విప్పేయకండి

సంపాదకులకు,

నమస్కారం. ఫాంటసీ నవలల మీద పత్రికల ఆదివారం పేజీల్లో ఈమధ్య తరచు వ్యాసాలు వస్తున్నాయి. సంతోషమే. ఆ వ్యాసాల్లో ఎక్కడో ఒకచోట పింగళి సూరన పేరు వస్తుంది. పదహారో శతాబ్దంలోనే మన భాషలో ‘కళాపూర్ణోదయం’ ఉందని రాస్తారు. ఆ వెంటనే కథ మొత్తం ఒక్క పేరాలో చెప్పేస్తారు. ఆ పేరా చదివినవాళ్ళలో చాలామంది ఇక పుస్తకం జోలికి పోరు. పోయినవాళ్ళకూ అందులో ఆశ్చర్యపడటానికి ఏమీ మిగలదు. ఇలా చేయవద్దని కోరుతూ, పుస్తకాన్ని నేరుగా చదవాలనుకునేవాళ్ళు ఏ పద్ధతిలో చదవవచ్చో కూడా చెబుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

కథ చెప్పేస్తే ఇంత నష్టం ఎందుకంటే, సూరన గొప్పతనమంతా కథను పరిచిన వరసలో ఉంది. ద్వారకలో వసంతకాలం, తోటలో ఆడపిల్లలు ఉయ్యాలలూగుతుంటారు. పైన ఆకాశంలో రంభా నలకూబరులు విమానంలో వెళుతుంటారు. ఆ దారినే నారదుడు, వెంట శిష్యుడు మణికంధరుడు. రంభ గర్వంగా ఒక మాట అంటుంది, నారదుడు దానికి బదులు చెబుతాడు. పుస్తకం ఇక్కడ మొదలవుతుంది. దీనంతటికీ అసలు మూలం వేరే లోకంలో, వేరే కాలంలో ఉంది. ఆ సంగతి తెలియడానికి పాఠకుడు కొన్ని వందల పద్యాలు నడవాలి. సారాంశం రాసేవాళ్ళు ఆ మూలాన్నే తెచ్చి మొదటి వాక్యంలో పెట్టి, అక్కడినుంచి కాలక్రమంలో చెప్పుకుపోతారు. అలా చెబితే అది శాపాలూ పునర్జన్మలూ ఉన్న మామూలు పురాణకథలా కనిపిస్తుంది. పైగా ఈ పుస్తకంలోనే బయటికి పొక్కకూడని కథ ఒకటి ఉంది. కట్టడి ఉన్న ఆ కథ ఎలా బయటపడిందన్నదే ఇందులో పెద్ద చిక్కుముడి. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ చేసిన ఇంగ్లీషు అనువాదాన్ని 2002లో కొలంబియా యూనివర్సిటీ ప్రెస్ వేసినప్పుడు, ఎన్నడూ చెప్పకూడని కథ అన్న మాట పుస్తకం పేరులోనే పెట్టారు. ఆ మాటను మనం ఒక్క పేరాలో చెడగొడుతున్నాం.

దీన్ని నవల అనవచ్చా, ప్రబంధం కదా అని అడిగేవాళ్ళున్నారు. పద్యాలూ వచనమూ కలిసిన ఎనిమిది ఆశ్వాసాల (అధ్యాయాల) కావ్యం, నంద్యాల కృష్ణరాజుకు అంకితం. రూపం చూస్తే ప్రబంధమే. కానీ సూరన ఈ కథను ఏ పురాణం నుంచీ తీసుకోలేదు. నారదుడు, రంభ, శ్రీకృష్ణుడు లాంటి తెలిసిన పేర్లను తన ఊహలోకి తెచ్చుకుని, కొత్త మనుషులను కల్పించి వాళ్ళ మధ్య నిలబెట్టాడు. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ రాసినప్పుడు ఈ కావ్యాన్నే ముందు పెట్టుకుని చర్చించారు. కల్పన, కథ అల్లిక, పాత్రల మనస్తత్వం అన్నవి తెలుగు విమర్శలోకి గట్టిగా వచ్చింది ఆ పుస్తకంతోనే. కాబట్టి నవల చదివే ఆసక్తితో దీన్ని చదవడంలో తప్పేమీ లేదు. అలా చదివితేనే దక్కుతుంది.

ఇక చదవడం ఎలా? మొదట ప్రతి సంగతి. పాత ముద్రణల స్కాన్ ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. టీకా తాత్పర్యాలున్న ప్రతి దొరికితే మంచిదే, కానీ తాత్పర్యం ముందు చదవొద్దు. పీఠిక అసలే వద్దు. పీఠిక రాసిన పండితులు కథను మొదటి పది పేజీల్లోనే విప్పేస్తారు, దాన్ని పుస్తకం పూర్తయ్యాక చదువుకోవచ్చు. అరసున్నలు (ఁ గుర్తులు) తీసేసిన ప్రతిని మాత్రం కొనకండి. అరసున్న పాతకాలపు అలంకారమని చాలామంది అనుకుంటారు, కానీ కొత్త పాఠకుడికి దారి చూపేది అదే.

ఎలాగంటే, కావ్యభాషలో ఒక మాట తర్వాత వచ్చే మాట మొదటి అక్షరం మారిపోతుంది. ‘పూచెను, కలువలు’ అనే రెండు మాటలు పద్యంలో ‘పూచెఁ గలువలు’ అవుతాయి. కొత్తగా చదివేవాళ్ళు నిఘంటువులో ‘గలువలు’ వెతుకుతారు, దొరకదు. భాష కష్టమనుకుని పుస్తకం మూసేస్తారు. అరసున్న కనిపించి, దాని వెనకే గ, జ, డ, ద, బలలో ఒకటి ఉంటే, అది అసలు క, చ, ట, త, ప కావచ్చు. నిఘంటువులో అక్కడ చూడండి. అరసున్న లేకుండా జరిగే మార్పు ఇంకొకటి ఉంది. ‘అపుడు చనియె’ అన్నది ‘అపుడు సనియె’ అవుతుంది, ‘వాఁడు కొట్టె’ అన్నది ‘వాఁడు గొట్టె’ అవుతుంది. ఇక్కడ క, చ, ట, త, పలు వరసగా గ, స, డ, ద, వలు అవుతాయి. ఈ రెండు సూత్రాలూ ఒక చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టుకుంటే, అర్థం కాని మాటల్లో చాలా భాగం తెలిసిన మాటలే అని తేలిపోతుంది. నిఘంటువుకు శబ్దరత్నాకరం సరిపోతుంది. ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో అది, ఇంకొన్ని నిఘంటువులు కలిపి ఒకేసారి వెతుక్కోవచ్చు. అక్కడ వెతికేటప్పుడు ర, ఱ రెండూ ప్రయత్నించండి. ‘తరి’, ‘తఱి’ ఒకటి కావు.

ప్రతి మాటకూ నిఘంటువు తీయనక్కర లేదు. ఒప్పు, తనరు, అలరు, చెలఁగు, వెలయు లాంటి క్రియలు అడుగడుగునా వస్తాయి. చాలాచోట్ల వీటన్నిటికీ ‘చక్కగా ఉంది’ అన్నంత అర్థమే. వీటిని ఒకసారి గుర్తుపట్టి దాటిపోవాలి. సమయం పెట్టాల్సింది సమాసాల మీద. నాలుగైదు సంస్కృత పదాలు కలిసిన సమాసం వస్తే చివరి మాట ముందు పట్టుకోండి. మనిషా, వస్తువా, గుణమా అన్నది చాలావరకు అక్కడ తేలుతుంది, మిగతావి దాని వర్ణన.

పద్యం చదివేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు పాదం చివర ఆగిపోవడం. వృత్తపాదం గణాల లెక్కతో ముగుస్తుంది, మాటతో కాదు. మాట సగంలో తెగి కింది పాదంలోకి పోతుంది. పాదానికొక అర్థం వెతికితే ఏదీ దొరకదు. నాలుగు పాదాలనూ ఒకే వాక్యంగా ఒకసారి గట్టిగా చదవాలి. రెండోసారి చదువుతూ సమాపక క్రియ, అంటే వాక్యాన్ని ముగించే క్రియ కింద పెన్సిల్‌తో గీత గీయాలి. ఎవరు, ఎవరిని, ఎక్కడ అన్నవి ఆ క్రియ చుట్టూ సర్దుకోవాలి. మూడోసారి మళ్ళీ గట్టిగా, ఈసారి అర్థం తెలిసి. యతి దగ్గర కూడా ఆగకూడదు. సంస్కృతంలో యతి విరామం, తెలుగులో అది అక్షరాల మైత్రి మాత్రమే. ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర, చంపకమాలలో పదకొండో అక్షరం దగ్గర పాదం మొదటి అక్షరంతో ఆ జత వినిపిస్తుంది. చెవి దాన్ని పట్టుకుంటే చాలు, నాలుక ఆగాల్సిన పని లేదు. చాలామంది పద్యాన్ని ముక్కలు ముక్కలుగా చదివి గంభీరంగా ఉందనుకుంటారు. సూరన పద్యం అలా చదివితే చచ్చిపోతుంది. ఆయనది మాట్లాడే మనిషి వాక్యం, ఛందస్సులో కూర్చున్నా సంభాషణలాగే నడుస్తుంది.

ప్రాస వల్ల ఇంకో ఉపయోగం ఉంది. వృత్తాల్లోనూ కందంలోనూ నాలుగు పాదాల్లో రెండో అక్షరపు హల్లు ఒకటే ఉండాలి. స్కాన్ ప్రతిలో అక్షరం చెరిగిపోయినా, టైపు చేసిన ప్రతిలో ముద్రారాక్షసం దొర్లినా దీనితో పట్టుకోవచ్చు. సీసానికీ, దాని కింద వచ్చే తేటగీతి, ఆటవెలదులకూ ఈ నియమం లేదు. కొత్తవాళ్ళకు అన్నిటికన్నా సులువైనది సీసమే. ఒక్కో పెద్ద పాదం దాదాపు ఒక్కో పూర్తి విషయం చెబుతుంది. కష్టమైనది వచనం. చూడ్డానికి వచనమే కదా అనిపిస్తుంది గాని, ‘పోయి, కని, చేరి, మ్రొక్కి’ అంటూ పేజీ పొడుగునా ఒకే వాక్యం సాగుతుంది. దాన్ని చివరినుంచి చదవాలి. ముగింపు క్రియ చూసుకుని, వెనక్కి వచ్చి మెట్టు మెట్టుగా దిగాలి. కథ ముందుకు నడిచేది ఎక్కువగా ఈ వచనాల్లోనే కాబట్టి వీటిని దాటేస్తే కథ తెగిపోతుంది.

మాటలు ఎవరివో తెలియకపోవడం ఇంకో ఇబ్బంది. పాత ప్రతుల్లో ఉద్ధరణ చిహ్నాలు ఉండవు. ‘అనిన’, ‘అనుడు’, ‘అనుటయు’, ‘అనవుడు’ అన్న మాటలే ఒకరి మాట ముగిసిందనడానికి గుర్తు. అవి కనిపించినచోట నిలువు గీత పెట్టుకోండి. ఈ పుస్తకంలో ఇది మరీ అవసరం, ఎందుకంటే కథలో మనిషి కథ చెబుతుంటాడు, ఆ కథలో మనిషి ఇంకో కథ అందుకుంటాడు. కథ చెప్పేవాళ్ళలో పసిపిల్ల కూడా ఉంది. అందుకని వెనక అట్ట లోపల ఒక కాగితం అంటించుకుని నాలుగు గళ్ళు గీయండి: పేరు, ఎక్కడ కనిపించారు, ఈ సంగతి ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు. మూడో గడి అన్నిటికన్నా ముఖ్యం. చెప్పేవాడికి తెలిసినంతే మనకు తెలుస్తుందన్న నియమాన్ని సూరన గట్టిగా పాటిస్తాడు. తర్వాత ఇంకొకరు అదే సంఘటన చెప్పినప్పుడు మొదటివాడికి తెలియనిది బయటపడుతుంది. ఆ గడి నింపినవాళ్ళకు రెండో కథనం రాగానే ఒళ్ళు పులకరిస్తుంది. నింపనివాళ్ళకు అదే కథ మళ్ళీ చెబుతున్నాడేమిటి అనిపిస్తుంది.

పేర్ల దగ్గర జాగ్రత్త. మణికంధరుడు, మణిస్తంభుడు ఇద్దరు వేర్వేరు మనుషులు. ఒకడు నారదుడి శిష్యుడు, వీణ పట్టిన గంధర్వుడు. రెండోవాడు సింహమెక్కి వచ్చే సిద్ధుడు. వేగంగా చదివేవాళ్ళు ఈ ఇద్దరినీ కలిపేసి రెండో ఆశ్వాసానికల్లా దారి తప్పుతారు. ద్వారక తోటలో ఉయ్యాలలూగే కలభాషిణి పేరులో ఉన్నది ‘ల’, కావ్యం ఎవరి పేరున ఉందో ఆ కళాపూర్ణుడిలో ఉన్నది ‘ళ’. పత్రికల్లో వచ్చే వ్యాసాల్లోనే ఇవి తారుమారవుతున్నాయి, దయచేసి సరిచూడండి. మనుషులతో పాటు ఒక హారం కూడా చేతులు మారుతూ వస్తుంది. అది ఎప్పుడు ఎవరి దగ్గర ఉందో కాగితం మీద విడిగా రాసుకోండి. ఎందుకో ఇక్కడ చెప్పను.

రెండు ఘట్టాలు మాత్రం కాస్త చెబుతాను, కథ ముడి విప్పకుండానే. ఒకటి ఇద్దరు రంభల జగడం. ఒకే రూపం, ఒకే గొంతు ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి నువ్వు మాయ అంటే నువ్వు మాయ అని తిట్టుకుంటారు. సూరన ఇద్దరికీ ఒకే రకం మాటలు ఇవ్వలేదు. ఒకరి మాటలో అలవాటైన అధికారం, ఇంకొకరి మాటలో అన్నిటికీ తెగించిన తెలివి. ఈ ఘట్టం చదివేటప్పుడు మార్జిన్‌లో ఒకటి, రెండు అని అంకెలు వేసుకుంటూ పోవాలి, లేకపోతే నాలుగో పద్యానికే ఎవరు ఎవరో తెలియదు. ఒకసారి అంకెలతో చదివాక, రెండోసారి అంకెలు చూడకుండా గొంతును బట్టి గుర్తుపట్టగలరేమో చూడండి. ఈ చిక్కుకు అడుగున ఇంకో చిక్కు ఉంది. అది కొన్నాళ్ళకు గాని తెలియదు, తెలిసినరోజు మీరే వెనక్కి తిప్పి చదువుతారు.

రెండోది సుగాత్రీ శాలీనుల కథ. మాయలూ శాపాలూ ఉన్న పుస్తకం నడుమ కాశ్మీరంలోని శారదాపీఠం దగ్గర జరిగే ఒక సంసారపు కథ ఇది. కొత్తగా పెళ్ళయిన భార్య నగలన్నీ పెట్టుకుని వస్తే భర్త కన్నెత్తి చూడడు. అత్తగారికి కోపమొచ్చి అల్లుడిని పూలతోట పనికి పెడుతుంది. మొగుడు తోటలో కష్టపడుతుంటే సుగాత్రి చూడలేక, నగలు పక్కన పెట్టి, తనూ పనిలోకి దిగుతుంది. చెమట పట్టి, బడలి, పనిలో మునిగిన ఆ పిల్లను చూసి శాలీనుడి మనసు కదులుతుంది. తెలుగు ప్రబంధాల్లో నాయికను పాదాలనుంచి కొప్పుదాకా నగలతో, ఉపమానాలతో నింపి వర్ణించడం ఆనవాయితీ. సూరన ఆ ఆనవాయితీ అంతా తెలిసి, దాన్ని పక్కన పెట్టి, పనిచేసే మనిషి అందాన్ని పద్యంలో పెట్టాడు. ఈ భాగాన్ని రోజుకు ఐదు పద్యాలకు మించి చదవొద్దు. అలసట, సిగ్గు, చూపు ఒక్కొక్కటి ఒక్కో పద్యంలో ఎలా మారుతున్నాయో చూడాలంటే అంత నెమ్మది కావాలి. ఇన్ని పాత్రలున్న ఈ పుస్తకంలో మనుషుల్లా ఊపిరి పీల్చేది ఈ ఇద్దరే అన్నది నా అభిప్రాయం.

మిగతా పుస్తకానికి రోజుకు పది గద్యపద్యాలు హాయిగా సాగుతాయి. మొదట్లో ఒక్కో పద్యానికి ఐదారు నిమిషాలు పడుతుంది, రెండో ఆశ్వాసం నడుస్తుండగా అది సగానికి దిగుతుంది. ఈ లెక్కన ఆరేడు నెలల పుస్తకం. వారంలో ఒక రోజు కొత్తగా ఏమీ చదవకుండా, ఆ వారం పద్యాల్లో నచ్చిన రెండు గట్టిగా చదువుకోవాలి. పదిహేను రోజులు ఆపేస్తే మాత్రం తిరిగి పట్టుకోవడం కష్టం. ఎవరు ఎవరికి చెబుతున్నారన్నది మనసులోంచి జారిపోతుంది. ఆగాల్సి వస్తే ఆశ్వాసం చివర ఆగండి, నడుమ ఆగొద్దు.

విసుగు ఎక్కడ వస్తుందో కూడా చెప్పడం న్యాయం. కావ్యం మొదట్లో ఉండే అవతారికలోని వంశవర్ణన దాటేసి, కథ మొదలైన చోటినుంచి అందుకోవచ్చు. తీర్థయాత్రల వర్ణనలు వచ్చేచోట మొదటిసారి తొందరగా పోవచ్చు. ముడులు విడిపోయాక చివరి ఆశ్వాసాల్లో వేగం తగ్గుతుంది. అంతకు ముందున్న ఉత్కంఠ అక్కడ ఉండదు, రాజుల సంగతులు ఎక్కువవుతాయి. అక్కడ మనసు నిలవకపోతే అది పాఠకుడి లోపం కాదు. కానీ నడుమ ఆశ్వాసాల్లో ఒక్క వచనం కూడా వదలకండి.

విదేశాల్లో పెరిగి తెలుగు లిపి చదవలేని పిల్లలకు పైన చెప్పిన ఇంగ్లీషు అనువాదం ఇవ్వవచ్చు. వాళ్ళు ఫాంటసీ చదివి ఉంటారు కాబట్టి కథ మెలికలు సులువుగా పట్టుకుంటారు. అనువాదకుల వ్యాసాన్ని చివర చదవమని చెప్పండి. పద్యాలు పెద్దవాళ్ళు తెలుగులో చదివి వినిపిస్తే, పిల్లలు అర్థం ఇంగ్లీషులో చూసుకుంటారు. శబ్దం, అర్థం రెండూ అందుతాయి.

ఇక మీ పత్రికను కోరేది. వారానికి ఒక పద్యం వేయండి. ఆదివారం పేజీలో పావు కాలమ్ చాలు. పద్యం అరసున్నలతో ఉన్నదున్నట్టు, దాని కింద సంధులు విడదీసి, ఆ కింద మాటలను వాడుక వాక్యం వరసలో పెట్టి, చివర ఎవరు ఎవరితో అంటున్నారో ఒక్క వాక్యం. తాత్పర్యం వద్దు, తర్వాత ఏం జరుగుతుందో అసలే వద్దు. ద్వారక తోటలోని ఉయ్యాలల పద్యాలతో మొదలుపెడితే తొలి పది వారాలు కథ గురించి వేరే వివరణ లేకుండానే నడుస్తుంది. ప్రచురణకర్తలు కూడా ఇదే పద్ధతిలో ఒక పాఠక ప్రతి తేవచ్చు: పీఠికను చివరికి మార్చి, సంభాషణలకు ఉద్ధరణ చిహ్నాలు పెట్టి, పేర్ల పట్టిక ఇచ్చి. ఆ పట్టికలో ప్రతి పేరుకూ మొదట కనిపించిన చోటు మాత్రమే రాయాలి. ఎవరు ఎవరై పుట్టారన్నది రాయకూడదు.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు,
నంద్యాల